పుట్టుక తెలియని మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్ర అట్ట వేసిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉండేది. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి, కోడుమూరు పక్కన మా పల్లెలో స్థిరపడిన మా తాత దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. నా ఇంగ్లీషు పాఠంలోని మాటలన్నీ అందులో వెతికి, ఇది లాటిన్ నుంచి వచ్చింది, ఇది ఫ్రెంచి నుంచి వచ్చింది అని చెబితే గానీ ఆయనకు అన్నం సయించేది కాదు. పశువుల విషయంలోనూ, మనుషుల విషయంలోనూ అంతే. ఎద్దును కొనాలన్నా అది ఎవరి దొడ్లో పుట్టిందో, దాని తల్లి ఎలాంటిదో విచారించేవాడు. పాలు పోసే ఆమెనూ, ఉత్తరాలు తెచ్చే పోస్టుమ్యాన్‌నూ, చివరికి నన్నూ అనుమానంగానే చూసేవాడు. ఆ గుణం నాకూ అబ్బింది, దాచుకోను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఇంగ్లీషు అయ్యవారు ఇంటికొచ్చి, మా చిన్నత్తను పెళ్ళి చేసుకుంటానని అడిగారు. నెమ్మదైన మనిషి. మా నాయన చెల్లెలైన అత్తకూ ఇష్టమే. అడ్డమల్లా ఒక్కటే. రెండేళ్ళ వయసులో ఆయన అహోబిలం తిరునాళ్ళలో ఒంటరిగా ఏడుస్తూ దొరికారట. అక్కడ పూలమ్ముకునే ఆమె ఒకరు పెంచి, హాస్టల్లో వేసి చదివించింది. కన్నవాళ్ళెవరో ఆయనకే తెలియదు. "కులం తెలీదు, గోత్రం తెలీదు. ఇట్లాంటోనికి పిల్లను ఎట్ల ఇచ్చేది?" అని తాత తేల్చేశాడు. అంతటితో ఆగక, వచ్చే బేస్తవారం చూసుకోడానికి రమ్మని వేరే సంబంధం వాళ్ళకు కబురు కూడా పెట్టాడు. అత్త అన్నం ముట్టడం మానేసింది.

ఆ బేస్తవారానికి ముందురోజు, సాయంత్రం నా నోటుబుక్కు తిరగేస్తున్న తాతకు, అందులో అయ్యవారు ఎర్రసిరాతో రాసిన మాట ఒకటి కనిపించింది. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. 'వూ' అని పలకాలి. పక్కనే తెలుగులో అర్థం ఉంది: పెళ్ళికి ఒప్పించడానికి ఒకరి వెంట తిరిగి మనసు గెలుచుకోవడం. తాత మొహం మాడిపోయింది. పిల్లలకు చెప్పే చదువు ఇదేనా అని గొణుగుతూ కళ్ళజోడు పెట్టుకొని నిఘంటువు తెరిచాడు. చాలాసేపు చూశాడు. ఆ మాట పాత ఇంగ్లీషులో ఉందట గానీ, అంతకు ముందు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదని రాసి ఉంది. ఆ సంగతి చదివి వినిపించి, ఆయన చిరాగ్గా పుస్తకం మూశాడు.

మా జేజికి, అంటే నాయనమ్మకు, చదువు రాదు. గోడవార కూర్చొని శనక్కాయలు ఒలుస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"దానికి అమ్మానాయన ఎవురో తెలీదంటనా?"

"తెలీదంటాండారు."

"మరి పుస్తకంలోనించి తీసేయకుండా ఎందుకు పెట్టుకున్యారు?"

"అందరూ వాడుకుంటాండారు గదా. పనికొచ్చే మాటను ఎట్ల తీసేస్తారు?"

జేజి కాయలు ఒలుస్తూనే ఉంది. తాత మాత్రం తను అన్నది తనకే అప్పుడు వినిపించినట్టు ఆమె వంక చూసి, లేచి బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లవారగానే, రావద్దని ఆ సంబంధం వాళ్ళకు మనిషిని పంపాడు. శ్రావణంలో అత్త పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు తల్లి కూర్చునే చోట ఆ పూలామె కూర్చొని, తలంబ్రాలు అయ్యేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

పరీక్షలకు చదువుకునేటప్పుడు చూస్తే నా పాఠంలో ఆ మాటే లేదు. నాకు అనుమానం వచ్చి అత్తను నిలదీశాను. ఆమె నవ్వేసింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియని మాట ఇంగ్లీషులో ఏదైనా ఉందేమో కనుక్కోమని జేజే తనను అయ్యవారి దగ్గరికి పంపిందట. అది పెళ్ళి మాటే కావడం అయ్యవారి తెలివి. నా నోటుబుక్కుతో తాతను మోసం చేశారని నాకు ఒళ్ళు మండింది. వెంటనే తాతకు చూపించాలని పాఠ్యపుస్తకం తెరిచాను.

ఆ పాఠంలో మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ప్రతి మాట కింద పెన్సిలు గీత ఉంది. పాఠం చివర తాత పొట్టి సంతకం, తేదీ. ఆఫీసు అలవాటు కొద్దీ, సరిచూసిన ప్రతి కాగితం కిందా ఆయన అలా వేసేవాడు. ఆ తేదీ ఆ సాయంత్రానిదే. అంటే పాఠమంతా వెతికి, ఆ మాట అందులో లేదని తెలుసుకున్నాకే తెల్లారి ఆ మనిషిని పంపాడన్నమాట. నేను పుస్తకం మూసేశాను. ఆ సంగతి జేజికీ చెప్పలేదు, అత్తకూ చెప్పలేదు.

మొన్న మా మనవరాలు కర్నూలు నుంచి ఒక అబ్బాయిని వెంటబెట్టుకొచ్చింది. మీకు పరిచయం ఎట్లయిందని అడిగితే ఆ పిల్ల లైబ్రరీ అంది, వాడు బస్టాండు అన్నాడు. ఏదో దాస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తే గుట్టంతా బయటపడేది. వేయలేదు. చేతులు కడుక్కోండి, అన్నం వడ్డిస్తానన్నాను. అనుమానించడం మా తాత దగ్గర నేర్చుకున్నాను. ఎత్తు తెలిసీ ఓడిపోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.