బ్రేకు ఉన్న ఆట

లిఫ్టులు బాగుచేసే అతనికి ఏది కిందికి జారినా గుండెదడే. టేబుల్ అంచున గ్లాసు కనిపిస్తే చాలు, లోపలికి జరిపేస్తాడు. అలాంటి మనిషి తీరిక దొరికితే చేసే పని, చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ మెషిన్ కోసం, పైనుంచి రాలే ఇటుకలను పేర్చే ఆటలు సొంతంగా తయారుచేయడం. పక్షవాతంతో చెయ్యి మొద్దుబారిన అక్కకు ఈమధ్య ఒకటి చేసిచ్చాడు. ఆమె వేళ్లు బటన్ల మీద తడబడుతుంటే పక్కనే కూర్చుని గోళ్లు కొరుక్కుంటాడు. ఇటుకలు పైదాకా పేరుకుంటే ఆట అయిపోవాలి. కానీ అంతవరకూ రాకుండా, అడుగు వరుసలు వాటంతటవే మాయమయ్యేలా లిఫ్టు బ్రేకులాంటి ఏర్పాటొకటి పెట్టాడు. అక్కకు చెప్పలేదు.

నిన్న ఆమె బటన్ల మీంచి చెయ్యి తీసేసి ఊరికే చూస్తూ కూర్చుంది. ఆట ఎంతకీ అయిపోలేదు.

"ఆడుతున్నది నేను కాదురా, నువ్వు," అంది. "ఇలాగైతే నా చెయ్యి బాగుపడిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

అతను కంప్యూటర్ ముందు కూర్చుని బ్రేకు తీసేశాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఇటుకలు పేరుకుంటూ పైకొస్తుంటే అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఓడిపోయానురా!" జబ్బు చేశాక మొదటిసారి అక్క పకపకా నవ్వింది.

అతను మాత్రం చేతులు బయటికి తియ్యలేదు. ఆమె అప్పుడే ఇంకో ఆట మొదలుపెట్టేసింది.