హాకీ బావ మీద నేను రాసిన అర్జీ

హాకీ బావ పోయాడు. శుక్రవారం పొద్దున షెడ్డు దగ్గర టీ తాగుతుంటే మేస్త్రీ వచ్చి చెప్పాడు. పచ్చకామెర్లు. గ్యాంగంతా గ్లాసులు కింద పెట్టి నా వైపు చూశారు. ఎందుకు చూశారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అతనిది సబ్బవరం దగ్గర పల్లె. డెబ్బైల్లో ఇండియా తరఫున హాకీ ఆడాడు, విమానమెక్కి దేశాలు తిరిగాడు. ఆ ఆట చూసే మా కంపెనీ ఉద్యోగమిచ్చింది. ఇచ్చి, ఓడల్లోంచి దిగిన ఎరువుల బస్తాలు మోసే మా గ్యాంగులో పేరు రాసింది. గ్యాంగంటే పన్నెండు మంది, ఒకరికొకరం అందరం బావలమే. మధ్యాహ్నమయ్యేసరికి అతన్ని కంపెనీ జట్టు ప్రాక్టీసుకు వదిలేసేవారు. పన్నెండు మంది మోయాల్సింది పదకొండు మందిమి మోసేవాళ్లం.

బస్తా పట్టే ముందు మణికట్లు రెండూ ఓసారి తిప్పుకునేవాడు. నడుస్తున్నా చూపు నేల మీదే. తలెత్తి నడవొచ్చుగా అంటే, "వంగినోడికే బంతి కనబడతాది బావ" అనేవాడు.

"జర్మనీలో ఏటి తిన్నావ్ బావ?" అని అడిగేవాళ్లం.

"రొట్టి. మజ్జిగ కోసం పేనం పోయీది."

పేపర్లో నీ పేరు పెద్దగా రాలేదేమని ఎవరో దెప్పితే నవ్వాడు. "గోలు కొట్టినోడి పేరేత్తారు. పాసిచ్చినోడికి మోకాలి నొప్పి."

ఇప్పుడు ఇవన్నీ ఇష్టంగా చెబుతున్నాను. అప్పుడు ఒళ్లు మండేది. నేను బడికెళ్లింది మూడో క్లాసు దాకా. పూర్ణా మార్కెట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదివి చదువు నేర్చుకున్నాను. నాలుగు ముక్కలు రాయగలనని పొగరు. ఆఫీసరుకి అర్జీ రాశాను. ఆటగాడైనా కూలీయే, అందరితో సమానంగా పని చెయ్యాలి, ప్రాక్టీసు మాన్పించాలి అని. గ్యాంగంతా వేలిముద్రలు వేశారు.

ఏడిపిద్దామని అతని ముందే పెట్టాను. నింపాదిగా చదివాడు.

"నిజవే రాసినావు. నా బరువు మీరే కదేటి మోత్తన్నారు. పెన్నియ్యి."

ఆట చూడ్డానికొచ్చినవాళ్లు అడిగితే పెట్టే ఆ ఇంగ్లీషు సంతకాన్ని మా వేలిముద్రల కింద పెట్టాడు.

ఇంకో మనిషినివ్వండి అని కంపెనీని అడగొచ్చు. నాకా మాట తట్టకపోలేదు. కంపెనీ మీద రాస్తే నా పని పోతుంది. పక్కవాడి మీద రాస్తే ఏమీ పోదు. కోపిష్టినని పేరు పడ్డ నా కోపమంతా అంతే.

రెండు నెలలకు ఇండియా జట్టు ఎంపిక క్యాంపుకి పిలుపొచ్చింది. ఆఫీసరు సెలవివ్వలేదు. అర్జీ తీసి చూపించి, "మీ గ్యాంగే వద్దంటోంది. నీ సంతకం కూడా ఉంది" అన్నాడట. ఆఫీసు గుమాస్తా వచ్చి మాకు చెప్పాడు. బావ చెప్పలేదు. ఆ పూట కూడా వచ్చి బస్తా పట్టాడు. క్యాంపుకి ఇంకా నాలుగు రోజులుంది. నేను వెళ్లి, అర్జీ వెనక్కి తీసుకుంటున్నాం సార్ అంటే సరిపోయేది. రోజూ ఆఫీసు గుమ్మం ముందు నుంచే నడిచాను. లోపలికి వెళ్లలేదు. తర్వాత హాకీ అతనాడిన మామూలు గడ్డి నేల వదిలి ప్లాస్టిక్ గడ్డి మీదికి మారిపోయింది. అతన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఏళ్ల తర్వాత ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నా మీద కోపం లేదేటి బావ?"

"ఉంది." చెవి వెనక నుంచి బీడీ తీశాడు. "ఉంటే ఏటి సేత్తాను? బస్తా ఎత్తాలంటే ఇద్దరుండాల. రా, అటు పట్టు."

మల్కాపురంలో అతని ఇంటి ముందు పాడె కట్టారు. గ్యాంగే మోసింది. నేనూ వంగి భుజం పెట్టాను. నేను పొట్టి. పాడె నా పక్కకి ఒరిగింది.

"నువ్వు తప్పుకోరా, పడిపోతాడు" అన్నాడు మేస్త్రీ.

తప్పుకున్నాను. శ్మశానం దాకా వాళ్లు భుజాలు మార్చుకుంటూ నడిచారు. నేను వెనకాల నడిచాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.