ఫుల్ ఎరేజ్

సూరత్ లింబాయత్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఏది చెడిపోయినా మా మేనమామ "జర ఆగు, నేను జూస్త" అనేవాడు. పక్కింటామె చెరిపి మళ్లీ రాసుకునే రకం సీడీ డిస్కులు రెండు తెచ్చింది. ఒకదాంట్లో చనిపోయిన భర్త పాడిన పాట ఉంది. రెండోది చెరిపి, పాట అందులోకి కూడా ఎక్కించాలి.

మామ పెట్టిన డిస్కు, పైపైన చెరిపే క్విక్ ఎరేజ్‌కి లొంగలేదు. డ్రైవ్‌లో దుమ్ము తుడిచి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, మొత్తం చెరిపేసే ఫుల్ ఎరేజ్ నొక్కాడు.

"మొండిది, అయినా పోయింది," అని నవ్వాడు.

ఆమె బల్లమీది డిస్కు చూసింది. "అన్నా, పాట పోయిన దాంట్లనే ఉండె." తిట్టలేదు.

తరువాత మామ, ఆమె భర్తతో మగ్గాల కార్ఖానాలో పనిచేసినవాళ్లందరినీ అడిగి, ఒకరి ఫోన్‌లో ఆ పాట సంపాదించాడు. మగ్గాల మోత మధ్య గొంతు సన్నగా వినిపించింది. డిస్కులోకి ఎక్కించి అత్తమ్మతో ఆమెకు పంపాడు.

గోడ అవతల పాట మొదలవగానే లేచి కిటికీ మూశాడు.

"నాకు ఇనే మొకం లేదు," అన్నాడు.