నూకాలక్క చేసిన లెక్కలు

ఇవాళ కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఫుట్‌పాత్ దుకాణంలో రాతి పలకలు కనిపించాయి. మన మున్సిపాలిటీ క్వార్టర్స్ మిత్రులారా, ఉమ్మేసి తుడిచిన పలక వాసన గుర్తుందా? మీ చెప్పులు దాచింది నేనేనని మీకందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది.

మా అక్క నూకాలుకి పుట్టుకతో వినపడదు. తెలుగు బడిలో నా పక్కనే కూర్చునేది. మేస్టారు నోటితో చెప్పే లెక్కని నేను పలక మీద రాస్తే, అక్క చూసి చిటికెలో చేసేసేది. ఆ జవాబు నేను ఎక్కించుకునేవాణ్ణి.

నోటి లెక్కల పరీక్షలో ఇద్దరికీ అన్నీ ఒప్పే. మేస్టారు నన్ను లేపారు.

"ఏటిరా, వినపడని పిల్లకి లెక్కలెలాగొచ్చాయి? నీది సూసి రాసీసిందా?"

నవ్వించడం నాకు జబ్బు కదా. "మా అప్పకి సెవులు పన్జెయ్యవు గానీ, కళ్ళు నా పలక మీదే ఉంటాయండి!" అన్నాను.

క్లాసంతా పగలబడి నవ్వింది. నేను తనని మెచ్చుకున్నాననుకుని అక్క కూడా నవ్వుతూ తల ఊపింది. మేస్టారు అది ఒప్పుకోలనుకున్నారు. "ఈ పిల్లకి సదువు దండగ, ఇంక పంపకు" అని నాన్నకి చెప్పేశారు.

అక్క లేకపోయేసరికి మరుసటి ఏడే లెక్కల్లో తప్పి నేనూ మానేశాను.

బడి మాన్పించిన సాయంత్రం అక్క పలక మీద రాసి నాకు చూపించింది: "మేస్టారుకి ఏటి సెప్పావు?"

"లెక్కలన్నీ నువ్వే సేసినావని" అని కింద రాశాను.

అక్క నమ్మింది. ఇప్పటికీ ఆ మేస్టారు మీదే కోపంగా ఉంది.