తిట్టు తెగని వేగం

కొత్తవాడలో సారయ్యకూ అతని వదిన అనసూయకూ పడదన్న సంగతి పిల్లినడిగినా చెబుతుంది. చిన్ననాటి జ్వరం సారయ్య రెండు కాళ్ళనూ తినేసింది. చేతులు మాత్రం దూలాల్లా పెరిగాయి. అన్న ఇంట్లోనే ఉండి జంపఖానాలు నేసేవాడు. దువ్వెనలాంటి ఇనుప పంజాతో పోగులు దిగ్గొట్టే పని అది. భుజం ఆడినన్నాళ్ళే కూడు. ఆ మాట అనసూయ అన్నం వడ్డిస్తూనే గుర్తుచేసేది.

నేసిన సరుకును హనుమకొండలోని కొట్టుకు చేర్చడానికి అతనికి చేతులతో తిప్పే మూడు చక్రాల బండి ఉండేది. కట్టలు జారకుండా పట్టుకుని అనసూయ వెనక పలక మీద కూర్చునేది. కూర్చున్న మరుక్షణం తగువు.

"జర జల్దీ తిప్పు. పీనుగను మోసినట్టు మోస్తానవ్."

"నీ నోట్ల మన్నువడ వదినా, నీ అవ్వగారింట్ల ఎడ్లను గూడ గిట్లనే తోలిండ్రా, మా అన్న నిన్ను చూసి చేసుకున్నడా, చీకట్ల చేసుకున్నడా?"

చదును రోడ్డు మీద ఈ తిట్టు ఒక్క ఊపిరిలో మొత్తం వచ్చేది. ఎత్తు మొదలైతే ఎడ్ల దగ్గర తెగేది. ఎత్తు చివర "థూ" అనడం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

శ్రమను కొలవడానికి లోకంలో ఎన్ని విద్యలో! టాంగావాలా గుర్రం చెవులు చూస్తాడు. తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాదు శిష్యుడి మెడ మీద చెయ్యి వేసి చాలించమంటాడు. పెద్ద దేశాల్లో పరుగుపందెగాళ్ళ నాడిని గడియారం పెట్టి చూస్తారట. ఎవరి ప్రాప్తం వారిది. సారయ్యకు దొరికింది వదిన.

వికలాంగుల సంవత్సరమని ఎనభై ఒకటిలో ఊరూరా సభలు పెట్టారు. హనుమకొండ మైదానంలో చేతిబండ్ల పందెం ఉందని చాటారు. సారయ్య ఆ కబురు విన్న రోజు నుంచి బండిని చావగొట్టి తిప్పాడు. పొద్దున ఎత్తు, సాయంత్రం ఎత్తు. పక్షం తిరిగేసరికి మగ్గం మీద పంజా బరువెక్కింది, కుడి భుజం లేవనని మొరాయించింది. ఒకనాడు అనసూయ ఎంత రెచ్చగొట్టినా చదును రోడ్డు మీద కూడా నోరు పెగల్లేదు.

"ఏంది, నోరు పడిపోయిందా?" అని పకపకా నవ్విందామె. "భుజం గూడ పోనీ. పోయిననాడు నా ఇంట్ల నీకు బుక్కెడు బువ్వ పుట్టది, చెప్తాన!"

ఆ నవ్వుకు సారయ్య ఒళ్ళు మండింది, ఆ మాటకు గుండె జారింది. భుజం పోతే తనకు ఈ గడప కూడా లేదు. ఆనాటి నుంచి ఒక కట్టుబాటు చేసుకున్నాడు. పొద్దున బండి కదలగానే వదినను నిండుగా తిట్టాలి. తిట్టు మధ్యలో తెగిందా, ఆ రోజు ఎత్తు జోలికి పోకూడదు. తెగకపోతే ఎత్తెక్కాలి. కారణం తెలియని అనసూయ రెట్టింపు తిట్టింది. నెల తిరిగేసరికి ఎత్తు మీద కూడా తిట్టు ఎడ్లను దాటి అన్న పెళ్ళి దాకా సాగింది.

పందెం ఐదు చుట్లు. పక్క బండిలో, హసన్‌పర్తిలో గడియారాలు బాగుచేసే ఫకీర్ మహమ్మద్. అతని కాళ్ళూ అటువంటివే, చేతులు ఇంకా లావు. ఈల వేయగానే ఫకీర్ బాణంలా దూసుకుపోయాడు. వెనక పలక ఖాళీగా ఉండడంతో సారయ్యకు తన వేగమేదో అంతుపట్టలేదు. ఇక వెనకనుంచి ఫకీర్‌నే తిట్టడం అందుకున్నాడు.

"ఓ గడియారపోడా, నీకు చావి ఎవడిచ్చిండురా, గంట కొట్టక ముందే స్ప్రింగు తెంపుకుంటానవ్!"

"అరె జా, జులాహే! నీ బండికి నువ్వే పీనుగ!" అని నేతవాణ్ణి ఎద్దేవా చేస్తూ మొదటి చుట్టులో జవాబొచ్చింది. రెండో చుట్టులో "జా" అని మాత్రమే వచ్చింది. మూడో చుట్టులో అదీ లేదు. సారయ్యకు అర్థమైంది, వాడు అయిపోయాడు. తన తిట్టు మాత్రం తెగడం లేదు. నాలుగో చుట్టు చివర నోరు కట్టేసి రెండు భుజాలూ విదిలించాడు. ఫకీర్‌ను బండి పొడవంత దూరం వెనక వదిలి గీత దాటాడు.

కానీ ఆ తిట్లను వేదిక మీది పెద్దలూ విన్నారు. పందెం పెట్టించిన ఆఫీసరు ముఖం ఎర్రబడింది. ఫకీర్‌ను పిలిపించాడు.

"ఇతను నిన్ను తిట్టాడా? తిట్టలేదని నువ్వంటే కప్పు ఇతనిదే."

ఫకీర్ రొమ్ము కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది. నోరు తెరిచాడు, మాట రాలేదు.

"మౌనం అర్ధాంగీకారం," అన్నాడు ఆఫీసరు.

"మౌనం గాదు సారూ, వానికి దమ్ము లేదు! జర ఆగుండ్రి, దమ్ము రానీయుండ్రి!" అని అరిచాడు సారయ్య.

"నువ్వు నోరు ముయ్!"

ఫకీర్‌కు ఊపిరి తిరిగేసరికి కప్పు అతని ఒళ్ళో ఉంది. సారయ్య బండిని ఎదురుగా నిలిపాడు. ఫకీర్ తల ఎత్తకుండానే అడిగాడు.

"తిట్టింది అబద్ధమా భాయ్?"

"అబద్ధం గాదు. గా మాట సారుకు నోటితోని చెప్పి తీసుకుంటే నీదే. దమ్మొచ్చినంక గూడ నోరు తెర్వక ఉంచుకున్నవ్, దొంగోడా."

అనసూయ మైదానం అంచు నుంచి వచ్చింది. ఓదారుస్తుందనుకున్న వాళ్ళు ఆమెను ఎరగరు. అంగట్లో ఎద్దు మూపురం చూసినట్టు అతని కుడి భుజాన్ని వేళ్ళతో గట్టిగా నొక్కింది. "ఇది ఉన్నది. చాలు. రేపు మగ్గమెక్కు," అంది.

మరునాడు మగ్గమెక్కాడు. పంజా లేపి కొట్టాడు. భుజం ఇసుమంతైనా నొప్పి లేదు. ఇంకో రెండు చుట్లకు సరిపోయే బలం అందులో మిగిలే ఉంది. అది తెలిసేకొద్దీ కోపం పెరిగి, మధ్యాహ్నం దాకా పోగుల్ని దంచుతూనే ఉన్నాడు.