నాలుగో గుంటకు అందని ఆరంభం

ఆ రోజుల్లో మజ్జిగ పులిసిందని అమ్మ చెప్పినా రుజువు అడిగేవాణ్ని. ఆ అలవాటు ఇంకా పోలేదు కనుక తెలిసినదీ విన్నదీ ముందే వేరు చేస్తాను. అల్లూరు దగ్గర మా మామయ్యకున్న నాలుగు రొయ్యల గుంటల్లో చివరిదానిలో నీటికి గాలి అందించే చక్రాలు తిరగలేదన్నదీ, రొయ్యలన్నీ చచ్చి తేలాయన్నదీ నిశ్చయం. రొయ్యపిల్ల వదిలిననాడు ఆ గుంటకు కొట్టిన కొబ్బరికాయ కుళ్లిందన్నది ఊరి మాట (కాయను నేను పరీక్షించలేదు).

చక్రాలను నడిపే ప్రోగ్రాము రాసినవాడు మామయ్య కొడుకు, మా బావ. అందులో ఒక్కో గుంటకు ఒక్కో ప్రతిరూపం ఉండేది. అది పుట్టగానే, నీటిలో ఆక్సిజన్ ఎంతకు పడితే చక్రాలు తిరగాలో నింపిపెట్టే భాగాన్ని కన్‌స్ట్రక్టర్ అంటారు. "పిల్ల వదిలేముందు నువ్వు కాయ కొడతావే, అట్టాంటిదే నాయనా," అని బావ మామయ్యకు ముందే బోధించి ఉన్నాడు. ఆ పోలిక అతని మెడకే చుట్టుకుంది. చచ్చిన రొయ్యలను వలతో గట్టుకు లాగుతూ మామయ్య, "నా కాయ కుళ్లిందని నవ్వితివే, నీ కాయేమయిందిరా?" అన్నాడు. బావ తాను రాసినదంతా తిరగేసినా తప్పు దొరకలేదు. దొరకనిది తన చేతకానితనమేనని తేల్చుకుని, ప్రోగ్రాములు మానేసి రొయ్యల మేత కొట్లో కూర్చున్నాడు.

మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను అనుమానించడం ప్రోగ్రాములు రాసే మా వృత్తిలో దైవదూషణ. నేను అనుమానించాను. రొయ్యా నీరూ లేని చిన్న ప్రోగ్రాము రాసి చూస్తే అక్కడా అంతే: ప్రోగ్రాము వేగం పెంచమన్నప్పుడల్లా కంపైలర్ వరుసలో చివరి ప్రతిరూపం కన్‌స్ట్రక్టర్‌ను ఎగరగొట్టేస్తోంది. ల్యాప్‌టాప్ పట్టుకుని మేత కొట్టుకు పరుగెత్తాను.

"నీ తప్పు కాదు బావా, ఇదిగో చూడు!"

"నా కోసం మిషన్ మీద కేసు బనాయిస్తుండావా అబ్బయా?"

ప్రయోగం మళ్లీ మళ్లీ చేసి చూపించాను. "మేతిస్తారా, సినిమా చూపిస్తారా?" అని బేరానికొచ్చినవాళ్లు విసుక్కుని వెళ్లిపోయారు.

"సరే, నమ్మినాలే," అన్నాడు బావ.

కంపైలర్ తయారుచేసినవాళ్లు లోపాన్ని ఒప్పుకుని సరిదిద్దారు. ఆ జవాబు వచ్చేసరికి బావ లేడు. ఆ వానాకాలపు జ్వరం తీసుకుపోయింది.

బావ నిజంగా నమ్మాడా, నన్ను సాగనంపడానికి అన్నాడా? ఇది మాత్రం తేలలేదు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం ఎలా ఉందో చూసినవాడెవడూ లేడు. ఎదురుగా ఉన్న ఒక్క సాక్షీ, ఆ రుజువుల కుర్రవాడు, ఫలితం ఇంకోసారి సరిచూసుకుంటూ తెరలో తల దూర్చి ఉన్నాడు.