క్లచ్చు మీద ఎడమకాలు

బరువులు మొయ్యడం నా వృత్తి. పదిమంది ఎక్కాల్సిన జీపులో పాతికమందిని కుక్కి అరకు ఘాటీలో తిప్పినవాణ్ణి. మేకల్ని మోశాను, చింతపండు గంపల్ని మోశాను, సిమెంటు బస్తాల మీద పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి మరీ మోశాను. అన్నీ దిగాల్సిన చోట దిగిపోయాయి. ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళూ దిగలేదు. అది బండిలో లేదు మరి, నాలో ఉంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా జీపు ఎక్కరు కాబట్టి. ఎక్కేవాళ్ళకి చెబితే దిగిపోతారేమోనని ఇన్నాళ్ళూ భయం.

నవ్వుకోండి, ఫర్వాలేదు. నేనూ నవ్వుతూనే చెబుతాను, నాకు ఇంకోలా చెప్పడం రాదు.

అప్పట్లో ఈ కొండల్లో రెండు తుపాకుల మధ్య బతుకు. పగలు ఒకళ్ళొచ్చి రాత్రి ఎవరికి అన్నం పెట్టారని అడిగేవారు. రాత్రి ఇంకొకళ్ళొచ్చి పగలు ఎవరితో మాట్లాడారని అడిగేవారు. నేను మైదానం నుంచి బతకడానికి వచ్చినవాణ్ణి. రెండు పక్కలకీ దణ్ణం పెట్టడం నాకు బాగా వచ్చు.

మా రోడ్డు ఆగిపోయే చోట కొండవార ఒక ఊరుంది. మగవాళ్ళు లేని పూట చూసి తుపాకులు పట్టుకున్న మనుషులు ఆ ఊళ్ళోకి వచ్చారు. ఆడవాళ్ళ మీద అఘాయిత్యం చేసి పోయారు. ఎవరి తుపాకులని నన్నడగకండి. అది చెప్పాల్సింది ఆ ఆడవాళ్ళు. చెప్పడానికే వాళ్ళు బయల్దేరారు. చెప్పనివ్వనిది నేను.

వాళ్ళని బయల్దేరదీసింది చిలకమ్మ. ఇప్పుడు సర్పంచిగారు, అప్పుడు సంతలో పసుపుకొమ్ములు అమ్ముకునే మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పట్నం నుంచి ఒక పెద్ద ఆఫీసరమ్మ వస్తోందనీ, మండలం గెస్టుహౌసులో మధ్యాహ్నం దాకా కూర్చుని ఆడవాళ్ళు చెప్పేది వింటుందనీ తెలుసుకుని, ఒక్కొక్కరి గుమ్మంలోకీ వెళ్ళి ఒప్పించింది. అందరికంటే కష్టమైంది బుద్రితో. బుద్రి అప్పటికి చిన్నపిల్లే, పెళ్ళి కూడా కాలేదు. ఆ పూట తర్వాత గడప దాటలేదు. చిలకమ్మ రోజూ పోయి ఆమె పక్కన కూర్చునేదట. ఏమైందని అడిగేది కాదట. ఊరికే చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చునేదట. చివరికి ఒకరోజు బుద్రే, “నానూ వస్తాను” అందట.

జీపు నాది. తెల్లారేసరికి ఊళ్ళో ఉంటానని సంతలో చిలకమ్మకి మాటిచ్చాను. ముందురోజు సాయంత్రం టీకొట్టు దగ్గర ఒకాయన కూర్చున్నాడు. ఎప్పుడూ చూసిన మొహం కాదు. “రేపు కిరాయి ఉందా?” అని అడిగాడు. ఉందన్నాను. టీ ఊదుకుంటూ తాగి వెళ్ళిపోయాడు. అంతే. బెదిరించాడా? లేదు. వద్దన్నాడా? అదీ లేదు. నిజంగా కిరాయికి బండి కావాలనే అడిగాడేమో. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్ననే అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాను, అందులో నాకు దొరికిందల్లా నా పిరికితనమే.

పోనీ, రానని చెప్పొచ్చు కదా? చెప్పి ఉంటే వాళ్ళు ఇంకో బండి చూసుకునేవారు. అక్కడే ఉంది నా బుద్ధి. నాకు భయమూ తీరాలి, మంచివాడన్న పేరూ మిగలాలి. అందుకని చెప్పిన వేళకే వెళ్ళాను. ఊరి మొదట్లో బండి ఆపి, ఎవరూ రాకముందే బ్యాటరీ వైరు ఊడదీశాను.

ఉతికిన చీరలు కట్టుకుని, జడల్లో పూలు పెట్టుకుని వచ్చారు వాళ్ళు. పెళ్ళికి వెళ్తున్నట్టే ఉన్నారు.

“ఏటి బాబూ, ఏటైంది?” అంది చిలకమ్మ.

“బ్యాటరీ పోయినట్టుంది అప్పా” అన్నాను. అక్కని ఇక్కడ అప్పా అనే అంటారు.

“తోస్తే పలకదేటి?”

పలుకుతుంది! డీజిలు బండి తోస్తే పలుకుతుందని ఈ కొండల్లో మేకపిల్లకి కూడా తెలుసు. నాకు మాత్రం అది ముందు తట్టలేదు. “సూద్దాం” అన్నాను.

మీకు బండి నడపడం రాకపోతే ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. బండిని తోసేటప్పుడు డ్రైవరు గేరు వేసి, ఎడమకాలితో క్లచ్చు తొక్కిపట్టి ఉంచుతాడు. బండి వేగం అందుకోగానే కాలు తీసేస్తాడు. అప్పుడు ఇంజను పలుకుతుంది. కాలు తియ్యకపోతే బండి దొర్లుతుందిగాని చచ్చినా పలకదు. తీశాడో లేదో తోసేవాళ్ళకి కనిపించదు.

“ఓసి మీ నడుములిరగ, పొద్దున్న అంబలి తాగనేదేటే, గట్టిగా తొయ్యండి!” అని చిలకమ్మ కేకలు. వాళ్ళ నవ్వులు. అన్ని చేతులూ ఒక్కసారి ఆనేసరికి జీపు పరుగందుకుంది. నేను కాలు తియ్యలేదు. అద్దంలో బుద్రి కనిపించింది. పెదవులు బిగించి, రెండు చేతులూ ఆన్చి తోస్తోంది. అంతకాలం గడప దాటని పిల్ల నా బండిని తోస్తోంది. అప్పుడైనా తియ్యొచ్చు కదా? తియ్యలేదు. ఇంకోసారి తోశారు. అప్పుడూ తియ్యలేదు. ఆ మధ్యలో ఎప్పుడో వాళ్ళ నవ్వులు ఆగిపోయాయి.

తర్వాత నాటకం బాగా రక్తికట్టించాలని జీపు కింద దూరాను. మొహానికి గ్రీజు పూసుకున్నాను. చిలకమ్మ వంగి చూసి, “పాపం, నీ మొగం మాడిపోనాదిరా బాబూ. ఉండు, మాం నడిసెల్తాం” అంది. బుద్రి దారికని తెచ్చుకున్న సొరకాయ బుర్రలోంచి చోడంబలి, అదే రాగి అంబలి, ఆకు దొన్నెలో పోసి, “తాగన్నా” అని ఇచ్చింది. తాగాను. ఆకలి కూడా వేస్తోంది నాకు. అబద్ధం ఆడేవాడికి ఆకలి వెయ్యదని ఎవరైనా అంటే నమ్మకండి.

వాళ్ళు మలుపు తిరిగాక వైరు తగిలించి తాళం తిప్పాను. దొంగముండ బండి, ఒక్క తిప్పుకే పలికింది. అప్పటికీ మించిపోలేదు. వెనకే వెళ్ళి ఎక్కించుకుని, బాగైపోయిందని ఇంకో అబద్ధం చెప్పినా సరిపోయేది. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను, అంతే.

వాళ్ళు చేరేసరికి ఆఫీసరమ్మ వెళ్ళిపోయింది. కుర్చీలు ఎత్తేస్తున్నారట. బుద్రి ఆ ఖాళీ గదిలోకి ఒకసారి తొంగిచూసి వెనక్కి తిరిగిందట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. నేను చేసింది అది. బండి ఆపడం కాదు, ఒక పిల్ల గొంతులోకి వచ్చిన మాటని వెనక్కి తోసెయ్యడం.

ఇక్కడ మీరు నన్ను ఓదార్చొద్దు. ఓదార్చడానికి బోలెడుంది, నాకు తెలుసు. ఆ రోజు నడిచి వెళ్తుంటే దారిలో ఊళ్ళ ఆడవాళ్ళు ఎక్కడికని అడిగి వెంట నడిచారట. అక్కడే పుట్టింది వాళ్ళ సంఘం. చిలకమ్మ సర్పంచి అయింది, సారాకొట్టు ఎత్తించింది, పెద్ద పెద్ద ఆఫీసర్లని ఎండలో నిలబెట్టి మాట్లాడింది. చాలా ఏళ్ళకి బుద్రి కూడా నోరు విప్పింది. ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా ఒక ఆడమనిషికి జరగరానిది జరిగి మాట పెగలకపోతే బుద్రికే కబురు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తుంది. మీటింగుల్లో చిలకమ్మ అంటూ ఉంటుంది, “ఆ దినం జీపు పాడవబట్టే మనవంతా కలిసినాం” అని. నేనూ చాలాకాలం ఆ మాటనే కప్పుకుని పడుకున్నాను. సిగ్గుండాలి! నడిచినవి వాళ్ళ కాళ్ళు, మెప్పు నా ఎడమకాలికా?

అసలు నన్ను ఏటా చంపింది ఇటుకల పండగ. చైత్రంలో వచ్చే ఆ పండగకి మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర కట్టి, ఒకరి నడుములొకరు పట్టుకుని థింసా ఆడుతూ, వచ్చిన ప్రతి బండినీ ఆపి మామూలు పుచ్చుకుంటారు. వేట దొరక్క ఉత్త చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోస్తారు. కలెక్టరు బండైనా ఆగాల్సిందే. నా జీపు మలుపులో కనబడిందంటే చాలు, “ఆ బండికి అడ్డెట్టకండే, మన కోసరం జీపు కింద దూరినోడు!” అని చిలకమ్మ కేక వేస్తుంది. కర్ర లేస్తుంది. ఏటా లేస్తుంది. ఏటా దాని కింద నుంచి తల వంచుకుని వెళ్తాను. అందరూ నాకు వినయం ఎక్కువనుకుంటారు.

ఈ ఏడు కూడా కర్ర లేచింది. నేను ఇంజను ఆపేశాను. ఎందుకు ఈ ఏడే అంటే చెప్పలేను. వెనక సీటువాళ్ళు “బేగి పోనీవయ్యా” అని గోల పెడుతుంటే దిగి, చిలకమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆ రోజు బండి పాడవలేదనీ, మీరు తోస్తుంటే క్లచ్చు మీంచి కాలు తియ్యలేదనీ, రెండే రెండు మాటలు. ఇంత చిన్నదా ఇన్నేళ్ళు మోశానని నాకే ఆశ్చర్యం వేసింది.

చిలకమ్మ మొహంలో నవ్వు ఒక్కొక్క చోటా ఆరిపోయింది.

“నానొక్కతినే తోసినానేటి?” అంది. అని, అటు తిరిగి, “కర్ర దించండే” అంది.

థింసా వరసలో చివర బుద్రి ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళి అవే మాటలు మళ్ళీ చెప్పాను. డప్పు ఆగిపోయింది. బుద్రి పక్కవాళ్ళ నడుముల మీంచి చేతులు తీసి, రోడ్డు పక్క పేడనీళ్ళ బకెట్టు ఎత్తి, నా నెత్తిన మొత్తం కుమ్మరించింది. పిల్లగుంటలంతా కేరింతలు కొట్టారు. జీపులోవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బుద్రి నవ్వలేదు. బకెట్టు కింద పెట్టి మళ్ళీ వరసలోకి వెళ్ళిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. క్షమించామని వాళ్ళూ అనలేదు. ఆ రోజు తోసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, కొందరు పెళ్ళై వేరే ఊళ్ళకి పోయారు. ఆ ఊళ్ళన్నీ నా జీపు తిరిగే దార్లోనే ఉన్నాయి, ఒక్కొక్కరికీ చెప్పాలి. ఆ రాత్రి మాత్రం, పేడకంపు కొడుతున్నావు అవతల పడుకోమని మా ఆవిడ తరిమేస్తే, అరుగు మీద పడుకుని ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను.

ఆ కర్ర సంగతి చెప్పలేదు కదూ. తడిసిన జేబులోంచి అందరిలాగే నోటు తీసి, కర్ర దగ్గర నిలబడ్డ గుంటపిల్ల చేతిలో పెట్టాను. అది నోటుని ఎండకి పట్టి చూసి, మూతి ముడిచి, కర్ర ఎత్తింది.